వాన లేకుండా తడిసిన గోడ

2015 ఫిబ్రవరిలో నన్ను కొత్తవలస సబ్‌డివిజనుకు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. వాడుకలో డీఈ అంటారు. సైటు మీద నిలబడి పని చేయించే అసిస్టెంటు ఇంజనీర్లకు పైన, డివిజను మొత్తానికి బాధ్యుడైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు కింద ఉండే హోదా అది. కింది వాళ్ళు చేసిన పనికి సంతకం పెట్టడం, పై వాళ్ళు అన్న మాటలకు అర్థం చెప్పుకుంటూ తిరగడం ఆ హోదాలో ముఖ్యమైన విధులు.

నేను చేరేనాటికి ఊరి చివర మా శాఖ కట్టించిన కాలనీలో జనం కాపురాలు పెట్టి ఏడాది కావస్తోంది. అప్పగించిన రోజు నుంచి ఏడాదిలోపు కట్టడంలో ఏ లోపం బయటపడినా కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. దాన్ని డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటాం. లోపం కట్టినవాడిదా, కాపురమున్నవాడిదా అని తేల్చవలసింది డీఈ. గడువు దగ్గరపడే కొద్దీ ఇంటివాళ్ళకు ఎక్కడ లేని లోపాలూ కనబడతాయి. కాంట్రాక్టరుకు చూపు మందగిస్తుంది.

ఆ తగవులు తగ్గుతాయని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ గారు, కాలనీలో ఒక అవగాహన సదస్సు పెట్టించారు. సొంత ఇంటిని ఎలా చూసుకోవాలో కొత్తగా ఇంటివాళ్ళయిన వారికి చెప్పడం దాని ఉద్దేశం. షామియానా వేశారు, టీ, పకోడీ ఏర్పాటు చేశారు. ముందుగా నేను మాట్లాడాను. వానలు పడకముందే డాబా మీది తూముల్లో ఆకులూ చెత్తా తీసేయమన్నాను. కుళాయి కారుతుంటే బలంకొద్దీ బిగించకుండా లోపలి వాషరు మార్చమన్నాను. స్విచ్చి బోర్డుకు సరిగ్గా పైన మేకు కొట్టవద్దనీ, వైర్లు గోడలో అటే వెళ్తాయనీ చెప్పాను. గోడకు ఆనించి అరటి చెట్లు నాటవద్దన్నాను. జనం ఎంతో మర్యాదగా విన్నారు. ఇద్దరు ముగ్గురు కూర్చునే కునుకు తీశారు.

తర్వాత ఈఈ గారు లేచారు. ఆయనకు క్లుప్తంగా మాట్లాడే అలవాటు. "మీ బండిని ఎంత శ్రద్ధగా చూసుకుంటారో ఇంటినీ అంతే శ్రద్ధగా చూసుకోండి. ఇక మీకు మేం అక్కర్లేదు," అన్నారు. చప్పట్లు మోగాయి. అందరి కంటే ఎక్కువసేపు కొట్టింది ముందు వరసలో కూర్చున్న సింహాచలం గారు.

సింహాచలం గారు బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. చాలా ఏళ్ళు అరకు ఘాటు మీద బండి నడిపారు. తన చేతిలో ఉన్నన్నాళ్ళూ ఏ బస్సూ దారిలో ఆగలేదని ఆయనకు గర్వం. తెల్లారే డిపోకు వెళ్ళి, క్లీనరు ఉన్నా సరే తానే బస్సు కడుక్కుని, నట్లన్నీ తట్టి చూసుకునేవారట. ఉద్యోగమంతా అద్దె వాటాల్లో గడిచింది. ఇదే మొదటి సొంత ఇల్లు. మైకు లేకుండా కాలనీ చివరిదాకా వినబడే గొంతు కాబట్టి ఆయన్నే కమిటీ ప్రెసిడెంటును చేశారు.

మార్చి ఆఖర్లో ఆయనే నా ఆఫీసుకు వచ్చారు. తూర్పు గదిలో కిటికీ కింద గోడ తడుస్తోందని ఫిర్యాదు. ఎండలు అప్పటికే ముదిరాయి. చినుకు పడి చాలా రోజులైంది. మర్నాడే వెళ్ళి చూశాను. ఆయన చెప్పింది నిజమే. కిటికీ కింద విశాఖ జిల్లా పటమంత మచ్చ. చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

ఇల్లు మాత్రం అద్దంలా ఉంది. అంత శుభ్రంగా ఉన్న ఇంటిని నా సర్వీసులో చూడలేదు. ఒకటి రెండు వింతలు మాత్రం గమనించాను. తలుపు గడియలు వేసినట్టే వేసి మళ్ళీ వాటంతటవే జారిపోతున్నాయి. వాటికి గ్రీజు దట్టంగా పట్టించి ఉంది. చెయ్యి కడుక్కుందామని కుళాయి తిప్పబోతే రెండు చేతులతోనూ కదల్లేదు. ఆయన భార్య పైడమ్మ గారు వంటింట్లోంచి వచ్చి, ఆ కుళాయి ఆయనకు తప్ప ఎవరికీ రాదనీ, అంట్లు తోమాలన్నా ఆయన్నే కేకెయ్యాలనీ చెప్పారు. సింహాచలం గారు స్పానరు తెచ్చి తిప్పారు. చుక్క కారకూడదని తానే బిగించానన్నారు.

గోడకు చెమ్మ వస్తే కారణం వెతకడానికి ఒక వరస ఉంది. నేలలోంచి ఎక్కే చెమ్మ గోడ అడుగున మొదలై పైకి పాకుతుంది. స్లాబు కారితే పైనుంచి దిగుతుంది, అది వాన పడ్డాకే. పైపు కారితే వానతో పనిలేకుండా ఎప్పుడూ ఉంటుంది. ఈ మచ్చ అడుగున లేదు, పైనా లేదు. పైపు మీద అనుమానపడి, ట్యాంకు నుంచి ఆ వైపు వెళ్ళే వాల్వు కట్టేయించాను. మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. మచ్చ గీత దాటితే నీరు ఇంకా వస్తున్నట్టు, లోపలికి తగ్గితే ఆరుతున్నట్టు.

రెండు రోజులాగి వెళ్తే గీతే లేదు. ఎవరు తుడిచారని అడిగాను.

"గోడ మీద పిచ్చి గీతలుంటే బాగుంతాదా మేడమ్? నేనే తుడిసినాను," అన్నారు సింహాచలం గారు.

మళ్ళీ గీసి, తుడవవద్దని గట్టిగా చెప్పి వచ్చాను. ఈసారి వెళ్ళి చూస్తే గీత ఉంది. మచ్చ దాన్ని దాటి బెత్తెడు ముందుకు పోయింది. వాల్వు కట్టేసే ఉంది, ఆకాశంలో మబ్బు లేదు. కాంట్రాక్టరు వెంకటరాజును పిలిపించాను. అతను గోడను తట్టి చూసి, వాసన చూసి, తన పిల్లల మీద ఒట్టేసి సిమెంటులో తేడా లేదన్నాడు. కావాలంటే గోడ మొత్తం గీకి మళ్ళీ పూత వేయిస్తాననీ, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మాత్రం ముందు తనకు చెప్పమనీ బతిమాలాడు. చెప్పడానికి నాకూ తెలియదు.

మాకు తెలియకపోవడం చూసి సింహాచలం గారు శ్రీకూర్మం వైపు నుంచి ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించుకున్నారు. ఆయన ఇల్లంతా తిరిగి, ఈశాన్యం మూల బయట ఉన్న మెట్ల దగ్గర ఆగారట. ఈశాన్యం నీటి స్థానమనీ, దాని మీద మెట్ల బరువు పెట్టడంతో నీరు ఉండటానికి చోటు లేక గోడల్లోకి చేరుతోందనీ తేల్చారు. మెట్లు పడగొడితే తప్ప గోడ ఆరదన్నారు. సోమవారం మంచిరోజని చెప్పి వెళ్ళారు.

కాలనీలో ఇళ్ళన్నీ ఒకే నమూనా. అన్నిటికీ మెట్లు ఈశాన్యంలోనే. శనివారానికల్లా ఎవరి గోడలు వాళ్ళు తడుముకోవడం మొదలైంది. ప్రెసిడెంటు గారి మెట్లు పడ్డాక గోడ ఆరితే తమవీ పడగొట్టుకుందామని సగం కాలనీ నిర్ణయానికి వచ్చింది. పక్కింటి రత్నం మాస్టారు రిటైరైన టీచరు, బాప్టిస్టు చర్చిలో పెద్ద. ఆయన నన్ను వీధిలో ఆపి, తమకు వాస్తు పట్టింపు లేదని నిమ్మళంగా చెప్పి, ఆ తర్వాత గొంతు తగ్గించి, "అయినా మా మెట్లూ అటే ఉన్నాయి కదమ్మా," అన్నారు.

నా భయం వేరు. ఆ మెట్ల పై భాగంలోని చప్టాను డాబా దూలంతో కలిపి ఒకేసారి పోశారు. కింద సమ్మెటతో కొడితే దెబ్బ దూలానికి తగులుతుంది. అప్పుడు నిజంగానే స్లాబు చిట్లుతుంది, వానాకాలంలో కారుతుంది, అది చూసి సిద్ధాంతి మాట నిజమైందంటారు. ఇదంతా సింహాచలం గారికి వివరించాను. ఇల్లు ఆయనది, పడగొట్టవద్దనే అధికారం నాకు లేదు. పడగొడితే కాంట్రాక్టరు బాధ్యత ఆ రోజుతో తీరిపోతుందని మాత్రం చెప్పగలిగాను. ఆయన తల దించుకుని విన్నారు గానీ సోమవారం పని మానుకుంటాననలేదు.

పైడమ్మ గారు గుమ్మం దాకా నాతో వచ్చారు. ఆ గదిలో పడుకోవడం మానేశామన్నారు. "ఇన్నాళ్ళూ ఒకళ్ళ కొంపల్లోనే బతికినాం. ఇది మాదని వచ్చినాం. ఇల్లే మమ్మల్ని ఒద్దంతందేమోనమ్మా. మళ్ళీ అద్దెకి పోదామని ఈయనతో అంతన్నాను," అన్నారు. ఆ మాటతో ఆదివారం ఇంట్లో కాగితం ముందేసుకుని కూర్చున్నాను. గోడ తడవడానికి నాకు తెలిసిన కారణాలన్నీ మళ్ళీ మళ్ళీ లెక్క చూసుకున్నాను. ఒక్కటీ కుదరలేదు.

సోమవారం పెందలాడే బయల్దేరాను. కనీసం దూలం వైపు నుంచి కాకుండా కింది మెట్టు నుంచి జాగ్రత్తగా కొట్టించాలని నా ఉద్దేశం. నేను వెళ్ళేసరికి ఎండ ఇంకా రాలేదు. కూలీలు ముగ్గురు సమ్మెటలు పక్కన పెట్టుకుని అరుగు మీద టీ తాగుతున్నారు. పని మొదలుపెట్టలేదేమని అడిగితే, ఇంటాయన కడుగుతున్నాడనీ, అయ్యాక రమ్మన్నాడనీ చెప్పారు.

ఇంటి పక్కకు తిరిగి చూశాను. సింహాచలం గారు లుంగీ పైకి కట్టి, మోటారుకు తగిలించిన రబ్బరు పైపు పట్టుకుని, ఇంటిని కడుగుతున్నారు. నేలను కాదు, ఇంటిని. పైపు చివర బొటనవేలు నొక్కిపెట్టి, నీళ్ళు చువ్వలా చిమ్మేలా చేసి, సన్‌షేడు నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతున్నారు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆగి, చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందులోకి పైపు గురిపెట్టి చాలాసేపు కొట్టారు. బస్సుకైతే చక్రాల పై డొప్పల సందుల్లోనే బురద చేరుతుందని తర్వాత ఆయనే చెప్పారు. అది పూర్తయ్యాక మెట్లు కూడా ఒక్కొక్కటే కడిగారు. కాసేపట్లో పడగొట్టబోయే మెట్లయినా సరే, మురికిగా అప్పగించడం ఆయనకు ఇష్టం లేదు.

నేను మోటారు ఆపేశాను. ఆయన వెనక్కి తిరిగారు. రోజూ ఇలాగే కడుగుతారా అని అడిగాను.

"రోజూ మేడమ్. ఈఈ గారు బండిలాగ సూసుకోమన్నారు గదా, ఆ మర్నాటి కాడ్నుంచీ. మచ్చ అవుపడినాక సాయంత్రం కూడా కడుగుతన్నాను."

ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. వాన పడిందా అని అడిగారనీ, పైపు కారుతోందా అని అడిగారనీ, కడుగుతున్నావా అని మాత్రం ఎవరూ అడగలేదనీ ఆయన అన్నారు. అందులో అబద్ధం లేదు. ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ ఆ ప్రశ్న ఉండదు.

ఆయన్ను గదిలోకి తీసుకెళ్ళాను. కిటికీ కింద గోడ మీద నీరు సన్నగా పూసలు కట్టి దిగుతోంది. పైడమ్మ గారూ వచ్చి నిలబడ్డారు. కిటికీ చట్రం పక్క సందు వెంట్రుకవాసి ఉంటుందనీ, మామూలు వానకు అందులోంచి నీరు రాదనీ, మోటారు జోరుతో రెండు పూటలా కొడితే రాక తప్పదనీ చెప్పాను. బస్సు రేకు నీటిని జారవిడుస్తుంది, గోడ తాగుతుంది అన్నాను.

 సింహాచలం గారు లుంగీ అంచుతో చేతులు తుడుచుకున్నారు. "అయితే ఇల్లు మంచిదేనా మేడమ్?" అని అడిగారు.

నేను జవాబిచ్చేలోపే పైడమ్మ గారు అందుకున్నారు. "ఇంటికేటీ నేదు మావా. నీకే."

కూలీలను పంపేశాం. రబ్బరు పైపును పైడమ్మ గారు చుట్ట చుట్టి, సామాన్ల గదిలో బియ్యం డబ్బా వెనక పెట్టి, ఆ గదికి తాళం వేశారు. వారం తిరక్కుండా మచ్చ పెన్సిలు గీత లోపలికి వచ్చింది. ఆ పైన పూర్తిగా ఆరిపోయి సున్నం పొలుసులు మాత్రం మిగిలాయి. వెంకటరాజు ఎవరూ అడగకుండానే తాపీమేస్త్రీని పంపి కిటికీల సందులన్నీ పూడ్పించాడు, కుళాయిలకు నలిగిపోయిన వాషర్లు మార్పించాడు. అంత సంతోషంగా ఖర్చుపెట్టిన కాంట్రాక్టరును అంతకు ముందూ తర్వాతా చూడలేదు. గడియలకు పట్టిన గ్రీజు తుడవడానికి మాత్రం రత్నం మాస్టారి ఇంట్లోని కిరసనాయిలంతా అయిపోయింది. సిద్ధాంతి గారు సంగతి విని, నీరు ఈశాన్యం నుంచే వస్తోందని తాను ముందే చెప్పానన్నారట. ఆ మాట కూడా నిజమే. సింహాచలం గారు పైపు పట్టుకుని నిలబడేది అక్కడే.

మిగిలింది రిపోర్టు. లోపానికి కారణమన్న చోట ఏదో ఒకటి రాయాలి. 'బయటి గోడలపై అవసరానికి మించి నీటి వాడకం' అని రాశాను. ఈఈ గారు అది చదివి, ఇల్లు కడగమని ఆయనకు ఎవరు చెప్పారని అడిగారు. అవగాహన సదస్సులో అలా అర్థమైందట సార్ అన్నాను. ఎవరి ఉపన్యాసంలో అన్నారు. చాలామంది మాట్లాడాం సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, సంతకం చేశారు.

ఇల్లు కట్టడం తెలిసినవాళ్ళం, అందులో కాపురమున్న మనిషి ఎలాంటివాడో తెలుసుకోకుండా సలహాలిస్తాం. ఎంత చెయ్యాలో చెబుతాం, ఎక్కడ ఆగాలో చెప్పం. ఆ తర్వాత నేను జరిపిన సదస్సులన్నిటిలోనూ నా ఉపన్యాసం మానేసి, ముందు వాళ్ళనే అడిగేదాన్ని, మీ ఇంటికి ఇప్పుడు ఏమేం చేస్తున్నారని. మొదటిసారి అలా అడిగింది శ్రీకాకుళం జిల్లాలో ఒక కాలనీలో. వెనక వరసలోంచి ఒకాయన లేచి నిలబడి, వారానికోసారి ట్యాంకు మూత తీసి ఇంత ఫినాయిలు వేస్తన్నానమ్మా, నీళ్ళు సుబ్బరంగా ఉంతాయని, అన్నారు. ఆ రోజు సదస్సు అక్కడితో ఆపి, అందరం ఆయన ట్యాంకు ఖాళీ చేయించడానికి వెళ్ళాం.