బుగ్గల డబ్బా

మా బామ్మర్ది దుబాయి నుంచి పంపిన ఫోటో చూడగానే నాకు రోత పుట్టింది. నల్లగా మెరిసే కొత్త ఆంప్లిఫయరు, పైన బల్బుల్లాంటి గాజు వాల్వులు, ఒక్కో వాల్వు కింద ఒక నీలం లైటు. వాల్వు తన కడుపులో తానే వెలుగుతుంది. దాని కింద ఇంకో లైటు పెట్టడం మల్లెపూలకు అత్తరు పూసినట్టు. అయినా ఆ ఫోటోను రోజుకు పదిసార్లు తెరిచి చూస్తూనే ఉన్నాను. అందుకు నా మీద ఇంకా రోత.

నాదీ వాల్వుల ఆంప్లిఫయరే. మైకుసెట్ల దుకాణం ఒకటి మూతపడితే, ఆ సామానుతో మంథని రేడియో మెకానిక్ ఒకాయన ఎప్పుడో నాకు కట్టి ఇచ్చాడు. రేకు డబ్బా, నాలుగు వాల్వులు. మా దగ్గర బల్బును బుగ్గ అంటాం కాబట్టి నా భార్య దాన్ని బుగ్గల డబ్బా అంటుంది. రోజంతా షెడ్డులో సాంచాల ముందు, అంటే మరమగ్గాల ముందు, నిలబడి ఇంటికొచ్చి, దాంట్లో పాత పాటలు వినడం ఒక్కటే నాకున్న షోకు. కొన్నేళ్లుగా దాని గొంతు మొద్దుబారుతూ వచ్చింది. పాటలో తాళాల గలగల పోయింది, గజ్జెలు పోయాయి. సన్నటి సౌండును పెంచే ట్రెబుల్ నాబు ఏటా కొంచెం కొంచెం తిప్పుతూ చివరిదాకా తెచ్చాను. ఇక తిప్పడానికి జాగా లేదు.

బామ్మర్ది నన్ను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. అంత చిరాకు నాకు దారం తెగినప్పుడు కూడా రాలేదు. ఒకడు "సౌండు పట్టులా ఉంది" అని రాస్తాడు. వాడు పట్టు పోగును వేలితో ముట్టి ఉండడు. ఇంకొకడికి వాల్వుల సౌండు వెచ్చగా తగులుతుందట. ఎండాకాలం కరీంనగర్‌లో ఇంకా వెచ్చదనం ఎవడికి కావాలి? నా బాధ చెబితే ముందు వైర్లు మార్చమన్నారు, తర్వాత వాల్వులు, చివరికి డబ్బానే పారెయ్యమన్నారు. బామ్మర్ది దానికీ దారి చూపించాడు. సెలవుకు వచ్చేటప్పుడు కొత్తది తెస్తాడట, నా పాతది వాళ్ల సేటు షోకేసులో పెట్టుకోవడానికి పట్టుకుపోతాడట. ఆదివారంలోగా అవునో కాదో చెప్పాలి.

నా భార్యను అడిగే ఆలోచన నాకు రాలేదు. నేను పాట పెట్టగానే ఆమె లేచి వెనక వాకిట్లోకి వెళ్లిపోయేది. గాడిదకేం తెలుసు గంధంపొడి వాసన అని ఆమెకు వినబడేటట్టే అనేవాణ్ని. సాంచాల వాళ్లకు మెల్లగా అనడం ఎట్లాగూ రాదు. షెడ్డు మోతలో పెదాలు చూసి, చేతి సైగలతో పని నడుపుకుంటాం, ఇంటికొచ్చి అరుస్తాం. కొత్త చుట్టాలు మేం కొట్లాడుకుంటున్నామని అనుకుంటారు.

ఆదివారం పొద్దున మంథని మెకానిక్కునే పిలిపించాను. డెబ్బై దాటిన మనిషి, సంచిలో మీటరు పెట్టుకుని బస్సులో వచ్చాడు. ప్రతి వాల్వు దగ్గరా మీటరు పెట్టి చూశాడు. తాను తెచ్చిన వాల్వులు మార్చి చూశాడు. నాకేం తేడా తెలియలేదు. నా వాల్వులు బాగానే ఉన్నాయని చెప్పి, మళ్లీ వాటినే పెట్టేశాడు. ముసలాయనకు చూపు తగ్గిందని మనసులో తిట్టుకున్నాను. తర్వాత పాట పెట్టమన్నాడు. పెట్టగానే మొహం చిట్లించి ఒక చెవి మూసుకున్నాడు. ట్రెబుల్ నాబు మీద చెయ్యి వేసి, నా మొహమే చూస్తూ కూర్చున్నాడు.

కాసేపు చూసి, "ఇంక తిప్పవా కాకా?" అని అడిగాను.

"ఎప్పుడో సగందాక తగ్గించిన తమ్మీ" అన్నాడు.

మళ్లీ చివరిదాకా తిప్పాడు, మళ్లీ సగానికి తెచ్చాడు. నాకు అదే పాట, అదే మొద్దు గొంతు. అప్పుడడిగాడు, "సాంచాలు ఎన్నేండ్ల సంది నడుపుతున్నవ్?"

ముప్పై ఐదేళ్లని చెప్పాను. ఆయన మీటరు వైర్లు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

అప్పుడే నా భార్య చాయ్ తీసుకుని వెనక నుంచి వచ్చింది. గడపలో ఆగి విన్నది. "ఏం మార్చిన్రు? గిప్పుడు మంచిగున్నది. ఇన్నొద్దులు చెవులల్ల సూదులు గుచ్చినట్టుండె."

మరి ఎందుకు చెప్పలేదని అరిచాను.

"నీకు గట్లనే ఇష్టమనుకున్న."

వైర్లను అనుమానించాను, వాల్వులను అనుమానించాను, ముసలాయన చూపును కూడా అనుమానించాను. అనుమానం నా చెవుల దాకా ఒక్కసారీ రాలేదు. షెడ్డులో నాతో పనిచేసేవాళ్లలో సగం మంది ఇంట్లో టీవీని వీధి చివరిదాకా వినిపిస్తారు. వాళ్లను చూసి నవ్వేవాణ్ని. నా భార్యను పూటపూటా సూదులతో పొడిచి, పైగా గాడిద అన్నాను. తుపుక్కున ఉమ్మాలనిపించింది, నా మొహాన్నే.

బామ్మర్దికి వద్దని మెసేజి పెట్టాను, ఎందుకో రాయలేదు. గ్రూపులోంచి బయటికొచ్చాను. ఇప్పుడు పాట పెట్టేముందు ట్రెబుల్ నాబు ఆమే తిప్పుతుంది. ఎక్కడ ఆపిందో నాకు తెలియదు. ఆమె లేచి వాకిట్లోకి వెళ్లకపోతే, తాళాలు బాగా మోగుతున్నాయని అనుకుంటాను.