ఇంటర్వెల్ దాకా చెప్పిన చిన్నాయన

మా చిన్నాయన పోయినాడని మొన్న పొద్దున తనకల్లు నుంచి తమ్ముడు ఫోన్ చేసినాడు. దీపం వెలిగించబోతున్నదాన్ని ఆగిపోయినాను. మైల కదా. దేవుడి గది తలుపు దగ్గరికేసి, బయటే కూర్చుని ఆయన కోసం నాలుగు మాటలు మనసులో చెప్పుకున్నాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

మా నాయనకు ఆయన ఒక్కడే తమ్ముడు. టెంటు సినిమాలాడే రోజుల్లో జట్కాలో మైకు పట్టుకుని ఊరూరా ప్రచారం చేసేవాడు. పౌరాణికం వస్తే చెప్పులు విడిచి మైకు పట్టేవాడు. జానపదమైతే కత్తుల చప్పుడు, గుర్రాల పరుగు అన్నీ నోటితోనే. డిటెక్టివ్ సినిమాకు మైకులో గుసగుసలాడేవాడు. ఆ గుసగుస పక్క వీధుల దాకా వినపడేది.

నటీనటుల పేర్లు మాత్రం కింద నుంచి పైకి చదివేవాడు. వంటమనిషి, జవాను, పెళ్ళిళ్ళ పేరయ్య అయినాకే హీరో. ఎవరన్నా అడిగితే, "హీరో బొమ్మ గోడ మీదుండాది, చూసుకో పో. గేటు తీసేవాడు లేకుంటే ఆయప్ప బంగళాలోకి ఎట్ల పోతాడు?" అనేవాడు. ఈ మధ్య ఫోన్‌లో సినిమా చూసేటప్పుడు మనవరాలు పేర్లు దాటించబోతే చెయ్యి పట్టుకునేవాడు. "ఉండమ్మా, ఇంతమంది పనిచేసినారు."

మా నాయన పోయినాక అమ్మ మూలగదిలో కూర్చుంది. అది మా ఇంటి ఆచారం. ఆచారం అడిగిన నెలలు దాటినా ఆమె గడప దాటలేదు. మాట లేదు, ముద్ద సరిగా దిగదు. పిల్లల్లో పెద్దదాన్ని నేను. అమ్మ కూడా పోతుందేమోనని భయపడేదాన్ని.

ఆ ఏడాది ఏడుపు సినిమా వస్తే చిన్నాయన జట్కా మా వీధికి వచ్చేది కాదు. ఒక పౌరాణికానికి, "దేవుడి కథే గదా వదినా, రా" అని పిలిచినాడు. అమ్మ మూలగది కిటికీ రెక్క మూసేసింది.

తర్వాత ఒక నవ్వుల సినిమా వచ్చింది. మైకు ఆపేసి, ఆ కిటికీ కింద కూర్చుని కథ మొదలుపెట్టినాడు. పిసినారి మామ, నిద్రమొగం జవాను, ఇద్దరల్లుళ్ళు, అందరి గొంతులూ ఆయనే. చిన్నల్లుడు దొంగచాటుగా అటకెక్కినాడు. కింద ఎవరో నిచ్చెన తీసేసినారు. ఆడ ఆపేసినాడు.

కిటికీలోంచి అమ్మ గొంతు వినపడింది. "తర్వాత ఏమాయ?"

"నాకు తెలీదు వదినా. ఇంటర్వెల్లో టీ తాగేకి పోయి ఆడే ఉండిపోయినా. నువ్వు చూసొచ్చి చెప్పు."

అరుగు మీదున్న మా అవ్వ లేచింది. "నీ నోరు పడిపోను. మొగుడు పోయినామెకు సినిమా ఏందిరా?"

"పోయింది నీకు కొడుకు, నాకు అన్న. అందరం ఏడ్చినాం గదమా. ఇంగ ఈమెను గూడా పోగొట్టుకుందామా?"

అవ్వ కొంగుతో మొగం తుడుచుకుంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఒక్కదాన్నే పంపను. నేనూ వస్తా, లెయ్యమ్మే" అంది.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు మొదటాటకు పోయినారు.

మరునాడు పొద్దున్నే చిన్నాయన మా అరుగు మీదున్నాడు. టెంటులో ఆ బొమ్మ పడినప్పటి నుంచి రోజూ చూస్తున్న మనిషి. అమ్మ గడప మీద కూర్చుని, అటక కాడి నుంచి కథ చెప్తాంది. చేతులు తిప్పుతాంది, నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాంది. ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. "అట్లనా వదినా? మళ్ళ?" అంటూ, ఏమీ ఎరగనివాడిలా నోరు తెరుచుకుని వింటున్నాడు.