చుక్క ఆగితే కారొస్తుంది

ముందే చెప్పేస్తున్నానండి, నేను ఏ మొక్కూ మొక్కుకోలేదు. మలికిపురం నుంచి మురమళ్ళ దాకా మూడు రోజులు నడిచేను, అది నిజమే. మురమళ్ళలో స్వామి గుడుంది కదా, ఆ మూడు రోజులూ నన్ను చూసిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగేరు, మొక్కాండీ అని. కాదంటే నమ్మరు. యాభై ఆరేళ్ళ ఆడది, ఇంట్లో కారు పెట్టుకుని, ఎండలో చెప్పులు అరగదీసుకుంటూ పోతోందంటే దేవుడి పనైనా అయ్యుండాలి, మతైనా పోయుండాలి. మూడో కారణం ఉండదు వాళ్ళకి.

నాకుంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నాను. బస్సులోనో, కారులోనో, ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కన. కిటికీ దగ్గర చోటు దొరికినా ఒళ్ళో ఓ సంచీ, భుజం మీద ఎవరో పిల్ల నిద్ర. ఆ రోడ్డు ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలీదంటే మీరు నమ్ముతారా? ఒక్కసారి నా కాళ్ళ మీద, నాకు ఇష్టమైన చోట ఆగుతూ, ఆ చివరి దాకా వెళ్ళాలనిపించింది. అంతకంటే ఏం లేదు.

మా ఆయనకి చెబితే వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున షరతు పెట్టేరు. ఫోన్లో మ్యాపు లొకేషన్ ఆన్ చేసి, దాని లింకు మా కుటుంబం గ్రూపులో పెట్టాలి. నేనెక్కడున్నానో చూపించే చుక్క కదులుతున్నంతసేపూ నడవొచ్చు. చుక్క ఆగిపోయి ఫోన్ కూడా పలక్కపోతే ఆయన కారేసుకుని వచ్చేస్తారు, నేను మారుమాటాడకుండా ఎక్కి కూచోవాలి. రెండేళ్ళ క్రితం ఆయన గుండెకి స్టెంటు వేసేరు, కంగారు పెట్టొద్దని డాక్టరు మరీ మరీ చెప్పేడు. సరేనన్నాను. అలా నా నడక మొత్తం ఫోన్లో ఉన్న ఛార్జింగు చేతిలోకి వెళ్ళిపోయింది.

ఆ ఫోనేమో నాలుగేళ్ళ పాతది. పొద్దున్న నూరు చూపిస్తుంది, మధ్యాహ్నం భోజనాల వేళకి ముప్ఫైకి దిగిపోతుంది. లొకేషన్ ఆన్‌లో ఉందంటే మరీను. పవర్ బ్యాంకు ఒకటి కొనుక్కున్నాను, ఇటుక ముక్కంత బరువు. స్క్రీన్ వెలుగు కళ్ళకి కనపడీ కనపడనట్టు తగ్గించేసేను. ఫోటోలు తియ్యలేదు. గ్రూపు తెరవలేదు, ఎవరేం పెట్టినా తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. ఎండకి వేడెక్కితే ఛార్జింగు ఎక్కదని పమిట కొంగు కప్పి, చంటిపిల్లని మోసినట్టు మోసేను.

మా వైపు ప్లగ్గు ఉత్తినే దొరకదండి. మొదటిరోజు తాటిపాకలో బట్టలు కుట్టే ఒకావిడ ఇంటి ముందు ఆగి, ఓ అరగంట ఫోన్ పెట్టుకుంటానమ్మా అన్నాను. అయ్యో దానికేం భాగ్యం అని లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది. కాఫీ ఇచ్చింది. ఏ ఊరండీ, ఎవరి తాలూకండీ, ఇంటిపేరేంటండీ అని మొదలెట్టింది. పావుగంటకల్లా నేను వాళ్ళ తోడికోడలి మేనమావకి వరసకి చెల్లెల్ని అయ్యేను. ఇంక భోంచెయ్యకుండా ఎలా పంపిస్తుంది? అరగంట ఛార్జింగుకి గంటన్నర పట్టింది. చేతులు కడుక్కుంటుంటే మెల్లిగా అడిగింది, మొక్కాండీ అని. కాదమ్మా అన్నాను. "చెప్పకూడదులెండి, చెబితే ఫలించదంటారు" అని నవ్వి, చేతిలో రెండు అరిటిపళ్ళు పెట్టింది. కాదన్నా మొక్కే, అవునన్నా మొక్కే.

ఆ రాత్రికి దారిలో తెలిసినవాళ్ళింట్లో పడుకున్నాను. రెండోరోజు పాశర్లపూడి దాటి వంతెన మీద నడుస్తుంటే మా ఆయన ఫోను. చుక్క గోదాట్లో ఉందేంటి అని గాభరా. వంతెన మీదున్నానండీ అన్నాను. కాదు, ఇక్కడ నీళ్ళలో చూపిస్తోందంటారు. వంతెనలు నీళ్ళ మీదే కడతారు కదండీ అన్నాను. అంచుకి వెళ్ళకు అని పెట్టేసేరు. ఆ ముక్కకి నాకు రెండు శాతం ఖర్చు. అయినా ఆ వంతెన మధ్యలో ఎంతసేపు నిలబడ్డానో తెలుసాండీ? కాళ్ళ కింద పాయ, అటూ ఇటూ కొబ్బరితోటలు, పదమ్మా పదమ్మా అనేవాడెవడూ లేడు. నవ్వొచ్చింది నాకు, ఒక్కదాన్నీ నిలబడి నవ్వేను.

ఆ రాత్రి అమలాపురంలో మా పిన్ని కూతురింట్లో పడుకున్నాను. ఫోనూ, పవర్ బ్యాంకూ రెండూ గోడకి పెట్టి, స్విచ్చి వేసిందీ లేనిదీ రెండుసార్లు చూసుకుని మరీ పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే ఫోన్లో ముప్ఫై ఒకటి. పవర్ బ్యాంకుకి ఒక్క లైటు వెలుగుతోంది. రాత్రి ఉరుములు ఉరిమేయిట. మా చెల్లి ఇల్లంతా తిరిగి టీవీతో పాటు అన్ని ప్లగ్గులూ పీకేసింది, పిడుగు పడితే పేలిపోతాయని. దానిదేం తప్పు, మా అమ్మా అలాగే పీకేది, నేనూ పీకుతాను. గాలికి ఎక్కడో చెట్టు పడి కరెంటు కూడా లేదు. ఇవాళ్టికి ఉండిపోక్కా అంది. ఉన్నదాంతోనే బయలుదేరేను.

ముమ్మిడివరం చేరేసరికి పవర్ బ్యాంకు ఊపిరి ఆగిపోయింది. అక్కడా కరెంటు లేదు. ఒక మందుల షాపులో ఇన్వర్టరుంది గానీ అప్పటికే ఐదు ఫోన్లు బారులు తీరి ఉన్నాయి. నడిచేను. ఊరు దాటేక ఆరు శాతం, తర్వాత నాలుగు. ఇంక మురమళ్ళ ఎంతో దూరం లేదు, రెండు గంటల నడక. ఇంతదూరం వచ్చి, చెట్టు పడిందని కారెక్కి ఇంటికెళ్ళాలా? ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. అప్పుడు రోడ్డు పక్క రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతూ కనిపించేయి. అవి గంట ఆగితే రొయ్య చచ్చి తేలిపోతుంది, అందుకని ఊరంతా చీకటైనా వాళ్ళకి జనరేటరుంటుంది. గట్టు దిగి పరుగులాంటి నడకతో వెళ్ళేను. కాపలావాళ్ళ పాక గుమ్మంలోకి వచ్చేసరికి చేతిలోనే ఫోన్ ఆరిపోయింది.

కాపలా అతని భార్య ఏమీ అడక్కుండానే ఫోన్ తీసుకుని ప్లగ్గులో పెట్టింది. ఆ తర్వాతే అడిగింది, మొక్కాండీ అని.

ఫోన్ మళ్ళీ వెలిగేసరికి అరగంట దాటిపోయింది. పదకొండుసార్లు చేసేరు మా ఆయన. నేను చేసేసరికి అప్పటికే కార్లో ఉన్నారు, తాటిపాక దాటేరుట. ఛార్జింగు అయిపోయింది, నేను నిక్షేపంలా ఉన్నాను, వెనక్కి వెళ్ళిపోండి అన్నాను. మాటంటే మాటే, అక్కడే కూచో అన్నారు. నిజమే, షరతు తప్పింది నేనే. కూచున్నాను. ఛార్జింగు ఎలాగూ ఎక్కుతోంది కదా అని మూడు రోజుల్లో మొదటిసారి గ్రూపు తెరిచేను.

వందకి పైగా మెసేజులు. అన్నీ దణ్ణాలు. మహాపతివ్రత అని ఒకరు, ధన్యురాలివమ్మా అని ఒకరు. పైకి జరుపుకుంటూ పోతే, నేను బయలుదేరిన రోజు పొద్దున్న మా ఆయన పెట్టింది దొరికింది. నా గుండె ఆపరేషన్ అప్పుడు మా ఆవిడ మురమళ్ళ స్వామికి కాలినడకన వస్తానని మొక్కుకుంది, మీ అందరి ఆశీస్సులు కావాలి అని. దాని కింద మా పెద్దమావగారి, అంటే మా ఆయన పెద్దనాన్నగారి, వాయిస్ మెసేజు, మా ఇంటి కోడలమ్మా అని వణుకుతూ.

ఒళ్ళు మండిపోయిందండి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? పాదాలు పొక్కులెక్కింది నావి, నడక పుణ్యం ఆయన గుండెకి. ఫోన్ పీకి, ఆవిడకి దణ్ణం పెట్టి, రోడ్డెక్కి నడిచేను. షరతు లేదు, గిరతు లేదు.

మురమళ్ళ ఇంకో రెండు కిలోమీటర్లుందనగా వెనకాల మా కారు హారన్. పక్కకొచ్చి, అద్దం దించి, నా నడకతో పాటు నడిపిస్తూ ఎక్కమన్నారు. ఎక్కనన్నాను. ఆ రాత ఏంటని అడిగేను. "ఏం రాయమంటావు? మా ఆవిడకి బుద్ధి పుట్టి రోడ్డున పడిందని రాయమంటావా? మొక్కంటే ఒక్కరూ నోరెత్తలేదు చూడు" అన్నారు. నన్నెవరూ మాట అనకూడదనే రాసేరు, ఆ మాట నేను నమ్ముతాను. నమ్మేనని కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. పోనీ ఎక్కకపోతే మానేయి, గుళ్ళోకెళ్ళి ఓ కొబ్బరికాయ కొట్టెయ్యి, మొక్కన్నది నిజమైపోతుందన్నారు.

నేను ఆగిపోయేను. ఫోన్ తీసేను, ముప్ఫై ఎనిమిది ఉంది. గ్రూపు తెరిచి మైకు మీద వేలు పెట్టేను. వద్దు, పెద్దనాన్న వింటారని ఆయన కారు దిగి వచ్చేసేరు. అప్పటికే మాట్లాడుతున్నాను.

"అందరికీ నమస్కారమండీ. నేను ఏ మొక్కూ మొక్కుకోలేదు. ఎవరి గుండె కోసమూ నడవలేదు. నాకు నడవాలనిపించింది, నడుస్తున్నాను. మీ దణ్ణాలు వెనక్కి తీసేసుకోండి."

ఇద్దరం రోడ్డు పక్క నిలబడి చూస్తున్నాం. విన్నట్టు ఒక్కొక్కరి పేరూ పడుతోంది. ఫోన్ మోగింది. పెద్దమావగారు. ముప్ఫై ఏళ్ళలో ఆయనకి వడ్డించేను గానీ ఎదురుగా నిలబడి నాలుగు మాటలు మాట్లాడి ఎరగను. అయినా ఎత్తేను.

మొక్కు కాదామ్మా అని అడిగేరు. కాదండీ మావయ్యగారూ అన్నాను. తర్వాత, "కాళ్ళు నెప్పెడుతున్నాయా?" అన్నారు. మూడు రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. పెడుతున్నాయండీ అన్నాను.

"అయితే కారెక్కెయ్యమ్మా. మొక్కు కాదు కదా, తప్పేం లేదు."

"మొక్కైతే ఎక్కేసేదాన్నండి. దేవుడు సర్దుకుంటాడు. ఇది నాదండీ, నేను సర్దుకోను."

ఫోన్ పెట్టేసి, మా ఆయన్ని అక్కడే వదిలేసి, మురమళ్ళకేసి నడిచేను.