తాబేలు కడుపులో బతుకమ్మ పూలు

నా పేరు నేను రాసుకోవడం యాభై మూడో ఏట నేర్చుకున్నాను. అంతవరకు నా పేరంటే ఎడమచేతి బొటనవేలే. రేషన్ దుకాణంలో, సంఘం పుస్తకంలో, మా ఆయన బొగ్గుబాయిలో పోయినప్పుడు తెచ్చిన కాగితాల మీద అదే నొక్కాను. అక్షరాలు వచ్చాక కూడా ఈ సంగతి చాలాకాలం రాయలేకపోయాను. కలం పట్టుకుంటే చాలు, ఎడమచెయ్యి దానంతటదే పిడికిలి బిగుసుకునేది. ఇప్పుడు బిగుసుకోవడం లేదు.

మంచిర్యాల బయట, రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు, దాని వెనక ఈతకొలను. ఆ కొలను శుభ్రం చేయడం నా పని. ఏడేళ్లు చేశాను. నీళ్ల అడుగున తనంతట తాను పాకుతూ చెత్త పీల్చే మిషను ఒకటి ఉండేది. పైన చిప్ప, కింద చక్రాలు, వెనక పొడుగాటి నీలం వైరు. మేము తాబేలు అనేవాళ్లం. ముసలిది. ఒకవైపు బ్రష్షు అరిగిపోయి, ఎప్పుడూ ఒకే మూలకు పోయి గోడకేసి తల కొట్టుకునేది. మేనేజరు దాన్ని గట్టు మీద వేసి, మొండి గొడ్డును కొట్టినట్టు చెప్పుతో కొట్టేవాడు. కొడితే రెండు రోజులు సరిగ్గా నడిచేది కూడా. దెబ్బకు లొంగనిది ఏదీ లేదని ఆయనకు అక్కడే నమ్మకం కుదిరిందేమో.

రోజూ పొద్దున్నే దాన్ని బయటికి తీసేది నేనే. వైరు పట్టి లాగకూడదు, లోపల తీగలు తెగుతాయి. పిడి పట్టి పైకి తెచ్చి, గట్టు అంచున కాసేపు ఆపి, నీళ్లు కారనివ్వాలి. తర్వాత వెల్లకిలా తిప్పి, నాలుగు క్లిప్పులు విప్పి, కడుపులోని సంచి తీసి కడగాలి. ఏడేళ్లలో ఒక్కసారి కూడా నేను వైరు పట్టి లేపలేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం నుంచి వాన. చెరువు కట్ట మీద కాలు పెట్టలేనంత బురద. హాలు యజమాని సేటు ఇంటి ఆడవాళ్లు హాల్లోనే ఆడి, బతుకమ్మలను ఎత్తుకుని కొలను దగ్గరికి వచ్చారు.

"అమ్మా, గిండ్ల వద్దు. తాబేలు మింగితే ఆగమైతది" అన్నాను.

సేటు తల్లి నవ్వింది. "గౌరమ్మను ఏడ ఇడిస్తే ఆడనే గంగ. నీ తాబేలు గూడ ఇంత పసుపు తింటది తీ."

ఆమెకు గొడుగు పట్టుకుని నిలబడ్డ మేనేజరు, "ఏయుండ్రి అమ్మా, తెల్లారేసరికి అద్దం లెక్క చేపిస్త" అన్నాడు.

తంగేడు, గునుగు, బంతి కాసేపు తేలి విడిపోయాయి. గునుగుకు అద్దిన గులాబీ రంగు నీళ్లలోకి దిగింది. నన్ను ఇంటికి పొమ్మని, మిషను ఆయనే వేశాడు.

తెల్లారి పోయేసరికి మాడిన వాసన. తాబేలు ఆ మూలనే అడుగున కదలకుండా పడి ఉంది. పిడికి కొక్కెం తగిలించి పైకి తీసి, పంపు గదిలోకి మోసుకుపోయాను. క్లిప్పులు విప్పబోతుంటే మేనేజరు వచ్చాడు. చేతిలో కాగితం, సిరా డబ్బా. కరీంనగర్ పోయిన సేటు తిరిగి బయల్దేరాడట.

"ఏలు పెట్టు."

"ఏం రాసిండ్రు సారు?"

"నువ్వు వైరు పట్టి గుంజినవ్, మిషను ఖరాబైంది. గంతే. సేటుకు సూపెట్టి కొత్తది తెప్పిస్త. ఫికర్ చెయ్యకు."

"నేను గుంజలే. నిన్న ఏసింది మీరు."

ఆ కాగితం మీద నా వేలు పడితే తప్పు నాదే. మిషన్లు పాడుచేసే మనిషని పేరు పడితే ఆ ఊళ్లో ఇంకే గేటూ నన్ను లోపలికి రానివ్వదు. ఒంటిదాన్ని, పని తప్ప వేరే దిక్కు లేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూడో దెబ్బకు తల పోయి ఇనుప వాల్వుకు తగిలింది. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి దిగింది. హాలు ఊడ్చే ఆమె చీపురుతో తలుపు దగ్గరికి వచ్చింది.

"ఇడువుండ్రి సారు, సస్తది."

"నువ్వు గూడ పెడ్తవా ఏలు?"

ఆమె అక్కడి నుంచి కదలలేదు.

జుట్టు పట్టి నన్ను కింద పడేశాడు. నా మోచేతి మీద మోకాలు వేసి, పిడికిలిలోంచి బొటనవేలును పెకలించాడు. నేను మళ్లీ ముడిచాను. వెనక్కి విరిచాడు. పచ్చి పుల్ల విరిగిన చప్పుడు. ముందు చప్పుడు విన్నాను, నొప్పి తర్వాత వచ్చింది. ఆయన మణికట్టు నా నోటి దగ్గర ఉంది. కొరికాను. నోరంతా ఉప్పగా అయ్యేదాకా వదల్లేదు.

ఆయన లేచి తన్నడానికి కాలెత్తాడు. నా కుడిచేతికి దొరికింది నీలం వైరు. రెండు చుట్లు చుట్టుకుని, లేచి, తాబేలును తిప్పి కొట్టాను. మోకాలి కింద తగిలి పడ్డాడు. మళ్లీ లేపాను. రెండో దెబ్బ ఆయన పక్కన గచ్చుకు తగిలింది. ఒక జానెడు ఇటు పడితే తలకే తగిలేది. నేను గురి పెట్టింది తలకే.

చిప్ప పగిలింది. కడుపులోంచి నలిగిన తంగేడు, బంతి రెక్కలు, చక్రాలకు బిగుసుకున్న దారం, మెత్తటి పసుపు ముద్ద బయటపడ్డాయి.

సేటు వచ్చేసరికి అన్నీ అలాగే ఉన్నాయి. "సూడుండ్రి, మిషను పలగ్గొట్టింది" అన్నాడు మేనేజరు, గోడకు ఆనుకుని కాలు పట్టుకుని. సేటు పూల వైపు చూశాడు.

"నిన్న మిషను ఏసింది సారే" అంది ఊడ్చే ఆమె, కింద పడ్డ కాగితం తీసి సేటుకిస్తూ.

సేటు అది చదివి, నా చెయ్యి చూశాడు. బొటనవేలు వంకాయలా ఉబ్బి పక్కకు తిరిగి ఉంది.

"గీ ఏలు ఇప్పుడు ఏ కాగితం మీద పడ్తదిరా?" అన్నాడు మేనేజరుతో. తర్వాత నాతో, "నువ్వు రేపటి సంది రాకు" అన్నాడు.

"మంచిది. ఆ కాగితం నాకియ్యుండ్రి."

"సదువత్తదా నీకు?"

"రాదు. గని అండ్ల ఉన్నది నా ముచ్చట."

మడిచి ఇచ్చాడు. వేలు పడని కాగితం ఆయనకు మాత్రం దేనికి?

తెల్లారి, కట్టు కట్టిన చెయ్యి రొమ్ముకు ఆనించుకుని, మా గల్లీలో ఉండే పంతులమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో పళ్లు తోముకుంటోంది.

"ఏమైందే, మొఖం గట్లైంది?"

"అది తర్వాత చెప్త అక్క. ముందు గిది సదువు."

నోరు పుక్కిలించి వచ్చి చదివింది. రెండు వరుసలే.

"ఇంకోపారి సదువు. జర మెల్లగ, ఒక్కొక్క అచ్చరం సూపెట్టుకుంట" అన్నాను. గడప మీద ఆమె పక్కన కూర్చుని, ఆమె వేలు పోయిన చోటల్లా నా కుడిచేతి వేలు పోనిచ్చాను.