పద్దెనిమిది పేజీల ముందుమాట

రత్నరాజు ఎర్రపెన్నుతో నయాగరా జలపాతాన్ని అడ్డంగా కొట్టేశాడు. జలపాతం పోయిన చోట భీమారావు మాస్టారి బాల్యం మొదలైంది. దాన్నీ కొట్టేసి పేజీ తిప్పాడు.

"ఇంకా ఎంతుందండీ?" అంది భార్య జ్ఞానవతి, నర్సింగ్ హోమ్ డ్యూటీకి బూట్లు వేసుకుంటూ.

"పదకొండో పేజీకొచ్చా. నా పేరు ఇప్పుడే మొదటిసారి కనబడింది."

"సంతోషించండి. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి."

రాజమండ్రిలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో రత్నరాజు ఇరవై మూడేళ్లు పనిచేశాడు. ఆఖరి నిమిషంలో అరపేజీ ప్రకటన వచ్చి పడితే, నలభై లైన్ల వార్తను పన్నెండు లైన్లకి కుదించడం అతని పని. చనిపోయినవాడి పేరూ, ఊరి పేరూ పోకూడదు. మిగిలినది ఏం పోయినా ఫర్వాలేదు. జ్ఞానవతికి ఉద్యోగం వచ్చి కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊరు చేరాక, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పనికి కుదిరాడు. అక్కడా అదే పని. గేజి పెట్టి చూడటం, సరిపోనిదాన్ని పక్కన పడేయడం.

ఇంగ్లీషు మెరుగుపడుతుందని లైబ్రరీకి వెళ్తే, 1921లో అమెరికాలోని టల్సా అనే ఊళ్లో నల్లవాళ్ల పేటను ముప్ఫై అయిదు వీధుల మేర తగలబెట్టిన సంగతి ఒక పుస్తకంలో కనబడింది. ఆ తర్వాత ఏళ్లతరబడి పాఠ్యపుస్తకాల్లో దాని ఊసే లేదట. అంత పెద్ద వార్తను ఎవరు, ఏ డెస్కులో పక్కన పెట్టారా అని అతనికి నిద్ర పట్టలేదు. అలా మొదలై, చెరోకీ ఆదివాసులను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి నడిపించడం, 1942లో జపాను మూలాలున్న కుటుంబాలను శిబిరాల్లో పెట్టడం దాకా ఆరేళ్లు రాశాడు. "ఆ శిబిరాలు ఇక్కడ కూడా ఉన్నాయి, డాడ్. కెనడా డిడ్ ఇట్ టూ," అని కొడుకు కెవిన్ అంటే, "ముందు పక్కింటిది పూర్తి కానివ్వరా, తర్వాత మనింటికొస్తా," అన్నాడు. పుస్తకం పేరు 'చెరిపేసిన ఊళ్లు'.

విజయవాడ పబ్లిషర్ అనంత్ పుస్తకం వేస్తానన్నాడు. టొరంటోలో చెల్లెలింటికి వచ్చి ఉన్నాడు, శనివారం పొద్దున గ్వెల్ఫ్ వచ్చి ప్రతిని తనే తీసుకెళ్తాడు. షరతు ఒకటే. "ముందుమాట లేని పుస్తకం నేను వెయ్యనండీ. మగపెళ్లివారు లేని పెళ్లిలా ఉంటుంది. శనివారానికి అందకపోతే వచ్చే ఏడు చూద్దాం."

ముందుమాట రాయించుకోవడం ఎంతసేపు అనుకున్నాడు రత్నరాజు. తెలుగు సంఘం అధ్యక్షురాలు బాలత్రిపురసుందరి గారు ఎగిరి గంతేసి ఒప్పుకుని, కూతురి హెచ్1బి వీసా గుర్తొచ్చి రెండో రోజే మానుకున్నారు. పాస్టరుగారికి షికాగోలో కూటాలున్నాయి. ఎవర్ని కదిపినా బోర్డరుకి అవతల అమెరికాలో ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం కోసం ఎదురుచూస్తున్నారు. చివరికి కెనడాలోనే, కారులో గంటంపావు దూరంలో లండన్ అనే ఊళ్లో ఉండే భీమారావు మాస్టారు ధైర్యంగా పద్దెనిమిది పేజీలు పంపారు. అది ఆయన నలభై మూడో ముందుమాట అని మొదటి వాక్యంలోనే ఉంది.

గురువారం సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు.

"ఏమయ్యా రత్నరాజూ, డాలస్‌లో మా అబ్బాయి ప్రణీత్‌కి గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ పడిందయ్యా. నా పేరు తీసెయ్."

"పేరు తీసేస్తే ముందుమాట ఎవరిదనుకుంటారు మాస్టారూ?"

"'ఒక శ్రేయోభిలాషి' అని వెయ్."

"ఆకాశరామన్న ఉత్తరంలా ఉంటుందండి. అయినా అమెరికా ఆఫీసరు తెలుగు చదువుతాడా?"

"ఆఫీసరు చదవక్కర్లేదయ్యా, ఫోను చదువుతుంది! మా మనవరాలు బియ్యం బస్తా మీది తెలుగు రాతకి కెమెరా పెడితే మొత్తం ఇంగ్లీషులో వచ్చింది."

ఒక్క రోజులో ఇంకో పెద్దమనిషిని ఎక్కడ వెతుకుతాడు? పేరు లేకున్నా నిలబడే సరుకు ఏమైనా ఉందేమో చూద్దామని శుక్రవారం సెలవు పెట్టి, ఎర్రపెన్ను తీశాడు.

పద్నాలుగో పేజీలో పెన్ను ఆగింది. మాస్టారు తన కారు మైలేజీ గురించి చెబుతూ చెబుతూ, మధ్యలో ఏమరుపాటున నిజం చెప్పేశారు. రత్నరాజు ఆ పేరాని రెండుసార్లు చదివాడు. తర్వాత దాని చుట్టూ ఉన్నదంతా కొట్టేశాడు. మిగిలినదాన్ని టైపు చేసి, ప్రింటు తీసి, ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని లండన్‌కి బయల్దేరాడు.

తలుపు తీసింది మాస్టారి భార్య రత్నకుమారి. మాస్టారు సోఫాలో కూర్చుని, ఎర్రబారిన పద్దెనిమిది పేజీలను చూసి గుండె పట్టుకున్నారు.

"నయాగరా ఏదయ్యా?"

"పోయిందండి."

"మా గురువుగారు?"

"ఆయనా పోయారండి."

"ఆయన పోయి ముప్ఫై ఏళ్లయింది, అది వేరే సంగతి! ముందుమాటలో ఏరి?"

రత్నరాజు కొత్త కాగితం అందించాడు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు.

"'ఇరవై నాలుగేళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. ఈ రాతప్రతి సగం చదివి, మిగతా సగం ప్రయాణంలో చదువుదామని వెంట తీసుకెళ్లాను. సరిహద్దు వంతెన దగ్గర కార్ల వరస కనబడగానే దాన్ని డిక్కీలో స్టెపినీ కింద దాచాను. దాచమని నన్నెవరూ అడగలేదు. ఇందులో ఉన్నవన్నీ జరిగినవే, లైబ్రరీలో దొరికేవే. అయినా దాచాను. నా చేత ఈ పని చేయించిన పుస్తకాన్ని మీరు దాచకుండా చదవండి.'"

మాస్టారు కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు.

"ఇది నేనే రాశానా?"

"మీరే రాశారు మాస్టారూ. నేను ఒక్క ముక్క కలపలేదు. తీసేశానంతే."

"దాచడం నిజమే రాజుగారూ," అంది రత్నకుమారి కాఫీ తెస్తూ. "వంతెన దాటి డెట్రాయిట్‌లో విమానం ఎక్కాలి కదా. సరిహద్దు ఆఫీసరు పళ్లేమైనా తెస్తున్నారా అనడిగితే ఈయన చెమటలు కక్కుకుంటూ 'నో సర్, ఓన్లీ హిస్టరీ' అన్నారు. పాపం మీ పుస్తకం రెండు వారాలు ఎయిర్‌పోర్టు పార్కింగులోనే ఉంది. పెళ్లయి నలభై ఒక్క ఏళ్లయింది, ఈయన ఇంత తక్కువలో ఒక సంగతి చెప్పగా వినడం ఇదే మొదలు."

"నువ్వుండవే." మాస్టారు కాగితం వంకే చూస్తున్నారు. "బాగుందయ్యా. బాగుండబట్టే బాధ. పేరు పెడితే పిల్లాడికి ఏమవుతుందో. పెట్టకపోతే మళ్లీ స్టెపినీ కింద దాచినట్టే కదా."

"ప్రణీత్‌నే అడగండి మాస్టారూ. వాడు వద్దంటే నేను లేచి వెళ్లిపోతా. వాడి కాగితం కంటే నా పుస్తకం ఎక్కువ కాదు."

మాస్టారు స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు. సంగతంతా విని ప్రణీత్ నవ్వాడు.

"నాన్నా, నా ఇంటర్వ్యూలో నా జాబ్ గురించి అడుగుతారు. మీ స్టెపినీ గురించి కాదు. లాయర్ని అడుగుతా కావాలంటే... వద్దులే, పెట్టేసుకోండి. ఇంతకీ అందులో నా గురించేమైనా రాశారా?"

"రెండు పేజీలు రాశానురా, నీ ఇంటర్ మార్కులతో సహా. రత్నరాజు తీసేశాడు."

"థాంక్స్ అంకుల్! చాలా థాంక్స్!"

మాస్టారు పెన్ను తీసి కాగితం కింద సంతకం చేశారు. చేసి, పైకెత్తబోయి, మళ్లీ ఆగారు. "ఎం.ఏ., ఎం.ఫిల్. అని ఉంచుతావా? ఆ ఒక్కటీ."

రత్నరాజు ఆ లైను వంక డెస్కు మనిషిలా చూశాడు. జాగా ఉంది. "ఉంచుతానండి," అన్నాడు.

శనివారం పది గంటలకి అనంత్ కారు ఇంటి ముందాగింది. రత్నరాజు ప్రతిని రెండు అట్టల మధ్య పెట్టి, దారంతో కట్టి, మంచు తగలకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉంచాడు. అనంత్ గుమ్మంలోనే నిలబడి దారం విప్పాడు.

"ముందుమాట అరపేజీయేనా?"

"చదవండి."

బూట్ల మీద మంచు కరిగి నీళ్లవుతుంటే అనంత్ చదివాడు. చదివి, కాగితాన్ని జాగ్రత్తగా ప్రతి పైన పెట్టి, దారం ముడి తనే వేశాడు.

"సోమవారం విమానం. బుధవారం ప్రెస్సుకిచ్చేస్తా," అన్నాడు.

రత్నరాజు ఆ కట్టను మళ్లీ సంచిలో పెట్టి, రెండు చేతులతో అందించాడు.