ఇద్దరమ్మల వ్యాసం

రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డులో ఎస్తేరు ప్యాంట్లకు వెనక జేబులు వేస్తుంది. పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలయ్యాక, ఎప్పుడో మధ్యలో ఆగిపోయిన తన పదో తరగతి మీదికి మనసు మళ్లింది. దూరవిద్యలో చేరింది. ఆదివారం ప్రార్థన కాగానే చర్చి నుంచి నేరుగా తరగతికి పోయేది.

ఒకనాడు తెలుగు చెప్పే హరినాథ్ సారు, రెండింటిని పోల్చి వ్యాసం రాసుకురమ్మన్నాడు.

"ఎకాఎకి మొదలుపెట్టొద్దు. ముందు మనసుకు తోచిందంతా కాగితం మీద పెట్టండి. యాడ కలుస్తాండాయో, యాడ విడిపోతాండాయో తర్వాత ఏరుకుందురు," అంటూ బోర్డు మీద ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన రెండు సున్నాలు గీశాడు. కలిసిన చోట పోలికలు, విడిగా ఉన్న చోట తేడాలు.

తోటివాళ్లు బస్సు, రైలు అనుకున్నారు. పల్లె, పట్నం అనుకున్నారు. ఎస్తేరు మర్నాడు అన్నం వేళ మిషను మీద కాగితం పరిచి సున్నాలు గీసింది. ఒకదాంట్లో 'అమ్మ' అని రాసింది. తను ఆలోచించేలోపే చెయ్యి రెండోదాంట్లో 'చిన్నమ్మ' అని రాసేసింది.

అమ్మంటే ఎలిజబెత్, పెంచిన తల్లి. చిన్నమ్మంటే ఎలిజబెత్ చెల్లెలు అక్కమ్మ. కన్నది ఆమే. వానల్లేని ఒక ఏడు, మొగుడితో బెంగళూరికి మట్టిపనికి పోతూ, పాలు మానిన బిడ్డను పిల్లల్లేని అక్క దగ్గర వదిలింది. తిరిగొచ్చేసరికి బిడ్డ ఎలిజబెత్ కొంగు వదల్లేదు. ఈ సంగతి బంధువులందరికీ తెలుసు, ఎస్తేరుకూ తెలుసు. ఎవరూ ఎత్తరు, అంతే.

అమ్మ సున్నా ఇట్టే నిండిపోయింది. సంగటి పొగలు కక్కుతుంటేనే తింటుంది. కోపమొస్తే మాట మానేసి గిన్నెలు తోముతుంది. చర్చిలో అందరికంటే గట్టిగా పాడుతుంది, రాగం మాత్రం కలవదు. చిన్నమ్మ సున్నాలో 'గుమ్మఘట్ట దగ్గర పల్లె', 'కూలిపని' అని రాశాక పెన్ను ఆగిపోయింది. పెళ్లిళ్లలో చూసింది, చావుల్లో చూసింది. పక్కన కూర్చున్నది ఎప్పుడు? రెండు సున్నాలూ కలిసిన చోట ఒక్క ముక్క లేదు.

షెడ్డుకు సెలవొచ్చిన రోజు బస్సెక్కింది.

అక్కమ్మ ఇంటి ముందు చెనక్కాయ చెట్లు కుప్ప పోసుకొని కాయలు తెంపుతోంది. ఎస్తేరును చూసి చేతులు ఆపింది.

"ఏమ్మే, అక్కకు బాగుండాదా?"

"బాగుండాది చిన్నమ్మా. ఊరికే వచ్చినా. నీ గురించి రాయల్ల."

"నా గురించి రాసేకి ఏముండాదే!"

ఎస్తేరు కూడా కూర్చొని, ఆమె తిండీ కోపతాపాలూ ఒక్కొక్కటే అడుగుతూ తెంపసాగింది. పక్కింటామె కన్నడంలో ఏదో ఎగతాళి చేస్తే అక్కమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఎలిజబెత్ కూడా అట్లాగే నవ్వుతుంది. తనూ అంతే. ఎస్తేరుకు ఉన్నట్టుండి కళ్లు మసకబారాయి.

"నన్ను వదిలిపోయినప్పుడు నేనెట్లుంటి చిన్నమ్మా?"

అక్కమ్మ చేతి మట్టి దులుపుకుంది. "పండుకోనుంటివి. లేస్తే పోలేనని నిద్దర్లోనే వదిలిపోతి. ఆడ పన్లో ఎవురన్నా ఈశ్వరీ అని పిలిస్తే చాలు, తిరిగి చూస్తాంటి."

"ఈశ్వరి ఎవురు?"

"నువ్వే గదే. అక్క చెప్పలేదా? నేను పెట్టుకున్న పేరు. అక్కోళ్లు చర్చిలో ఎస్తేరని పెట్టిరి. అదీ మంచి పేరేలే."

"ఒక్కసారి పిలువు."

అక్కమ్మ నోరు తెరిచింది. పేరు మాత్రం బయటికి రాలేదు. "ఇప్పుడు నోరు తిరగదులే తల్లీ," అని మళ్లీ చెట్టు అందుకుంది.

ఇంటికొచ్చి ఎస్తేరు వ్యాసం పూర్తిచేసింది. ఒకరి గురించి అంతా చెప్పేసి రెండోవారి దగ్గరికి పోవడానికి మనసొప్పలేదు. సంగటి, కోపం, నవ్వు, ఒక్కో విషయంలో ఇద్దరినీ పక్కపక్కనే నిలబెట్టింది. చదివి వినిపించమని ఎలిజబెత్ కూర్చుంది. ఈశ్వరి అన్న మాట దగ్గర ఆమె తల వంచుకుంది.

"చెప్పిందా అది? నేనే చెప్పల్లని ఎన్నోసార్లు అనుకుంటి. ఆ పేరుతో పిలిస్తే దాని దగ్గరికే పోతావేమోనని బయం."

ఎస్తేరు జరిగి, ఆమె భుజానికి ఆనుకుంది.

వ్యాసానికి మార్కులు బాగానే వచ్చాయి. సెలవు దొరికితే ఎస్తేరు గుమ్మఘట్ట బస్సెక్కుతుంది. ఒక్కోసారి ఎలిజబెత్ కూడా వెంట వస్తుంది. అక్కమ్మ దూరం నుంచే చూసి చెయ్యి ఊపుతుంది. ఆ నోటి నుంచి ఏ పేరు వస్తుందా అని ఎస్తేరు ప్రతిసారీ చెవులు రిక్కిస్తుంది. అక్కమ్మ మాత్రం "ఏమ్మే, వచ్చినావా," అనే అంటుంది.