చేపలమ్మే మా అమ్మ చేప మానేసింది

మృత్యువు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన ఒక తల్లి వీరగాథ చెబుతాను, వినండి. అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మా అమ్మ ఆ గుమ్మం దాకా వెళ్లలేదు. ఐసీయూ ముఖం చూడలేదు, ఆపరేషన్ జరగలేదు. జరిగిందల్లా సరిగా తినకపోవడం. దాంతో గాథ కట్టడం కష్టం.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న చేపల వేటకు వెళ్తాడు. అమ్మ గంపతో ఆటో ఎక్కి నరసన్నపేటలో చేపలమ్ముతుంది. నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చేశాను. ఈ చదువు ఈ కథలో ఎవరికీ ఉపయోగపడదు.

తేడా కనిపించింది మాఘమాసంలో ఒక ఉదయం. పడవ దగ్గర్నుంచి వస్తూ అమ్మ అంది: “ఒరే, ఇసక మీద నడుస్తన్నాను గానీ కాలికి ఇసక తెలీటం నేదురా.”

“మంచిదే కదమ్మా, ఎండాకాలం కాళ్లు కాలినా తెలీదు,” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

దీనికి మొదలు అంతకు రెండేళ్ల ముందుంది. కార్తీకమాసంలో మా ఇంట్లో నీచు ముట్టం. నెలంతా అమ్మ చేపలు అమ్ముతుంది, తినదు. ఆ ఏడు కార్తీకం అవగానే ఒక పెళ్లికి వెళ్లాం. “అక్కా, ఏటే, పదేళ్లు ఎనక్కెళ్లిపోనావు,” అంది పిన్ని. అమ్మకి అప్పుడు యాభై రెండు. అంతకుముందు వేసవిలో తన ఫొటో చూపించి, గాలి మింగిన చేపలా ఉన్నావని నేను అని ఉన్నాను. రెండు మాటలూ కలిసి పనిచేశాయి. కార్తీకం వెళ్లిపోయింది, అమ్మ మాత్రం అందులోనే ఉండిపోయింది. చేప లేదు, గుడ్డు లేదు. పాలు టీ రంగు మారేంత. మధ్యాహ్నం గుప్పెడు అన్నం, బీరకాయ కూర. రాత్రి రెండు చపాతీలు. కడుపు మండితే మందుల షాపులో కొన్న గ్యాస్ మాత్ర, రోజూ. బయట ఎవరికీ చెప్పలేదు. తను తినని చేప తనే అమ్ముతుందంటే కొనేవాళ్లు ఏమనుకుంటారని. ముఖం సన్నబడింది. అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడేది. దాని మీదా జోకులేశాను.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఇసకలో వట్టికాళ్లతో నడిచి ఇంటికొచ్చి కూర్చుంది. అరికాళ్లు రెండూ బొబ్బలు. తనకి తెలియనే లేదు, నేను చూసి చెప్పాను. నా జోకులు నిజమయ్యేది తక్కువ. ఇది ఒకటి.

శ్రీకాకుళంలో డాక్టరుగారు ముందు షుగర్ చూశారు. నార్మల్. కొడితే సన్నగా మోగుతూ అదిరే ఇనప ఫోర్కు ఒకటి కాలి బొటనవేలికి ఆనించి, “అదురు తెలుస్తోందా అమ్మా?” అన్నారు. తెలియలేదు. ఏం తింటారని అడిగారు.

“అన్నీ తింటానండి. మాది సేపల యాపారం కదండీ.”

ఆయన కేస్ షీట్‌లో నాన్‌వెజ్ అని రాసుకున్నారు. చేపలమ్మే మనిషి చేప తినదని ఎవరనుకుంటారు? అమ్మ నా వైపు చూసింది, పరువు తీయకురా అన్నట్టు. ప్రతిదానికీ ఒక మాట విసిరే నేను ఆ ఒక్కసారీ నోరు మూసుకున్నాను. నరాలకు మాత్రలు రాసి నెల తర్వాత రమ్మన్నారు.

ఆ నెలలో తిమ్మిరి పాదాల నుంచి పిక్కల దాకా పాకింది. ఒకరోజు ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకుని, అలాగే పక్కకి పడిపోయింది. ఈసారి డాక్టరుగారి దగ్గర అమ్మ నోరు విప్పకముందే చెప్పేశాను: రెండేళ్లు దాటింది సార్, చేప లేదు, గుడ్డు లేదు, రోజూ గ్యాస్ మాత్ర.

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. “ఈ మాట మొన్నే చెప్పాలి కదయ్యా. ఇది నెర్వ్ డ్యామేజ్. ఆలస్యమైనకొద్దీ రికవరీ తగ్గుతుంది.”

రక్తపరీక్షలో, నరాలకు కావలసిన విటమిన్ బి12 అట్టడుగున ఉంది. బి12 వేటిలో దొరుకుతుందన్న ప్రశ్నకి నేను పరీక్షలో రెండు మార్కుల జవాబు రాసినవాణ్ని. మొదటి పేరు చేపే రాశాను.

రోజూ వేసుకుంటే బి12 ఒంటికి పట్టనివ్వదని గ్యాస్ మాత్ర ఆపించారు. ఇంజెక్షన్లు మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికొకటి. నడక కుదుటపడగానే అమ్మ నాలుగు వారాలు ఎగ్గొట్టింది. మళ్లీ తూలింది, మళ్లీ మొదటికి వచ్చాం.

ఒక మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు తింటుంటే, ఫొటో చూపించి ఆ మాట అన్నందుకు తప్పయిపోయిందన్నాను. ముల్లు తీసి కంచం అంచున పెట్టింది.

“నీ మాటిని మానేసినాననుకుంతన్నావేటి? నువ్వు సెప్తే నానెప్పుడిన్నాను? నాకే ఉన్నాదిరా, బాగుండాలని. ఉండకూడదేటి?”

బాగుండాలనుకోవడం తప్పు కాదు. ఏం తింటే బాగుంటుందో ఇంట్లో చదివినవాణ్ని నేనొక్కణ్నే. అడగలేదు కదా అని చెప్పలేదు.

ఏడాదైంది. ఇంజెక్షన్ ఇప్పుడు నెలకొకటి. అమ్మ స్టూలు మీద కూర్చుని చేపలమ్ముతోంది. బుగ్గలు తిరిగొచ్చాయి. ముఖంలో కళ ఇప్పుడే బాగుంది, ఒప్పుకోదు. కాలి వేళ్లు మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి. ఆ నెల ముందే నేను నోరు విప్పి ఉంటే అవి కూడా తిరిగొచ్చేవా అని డాక్టరుగారిని అడిగాను. “చెప్పలేం,” అన్నారు.

ఏం తింటారని డాక్టరు అడిగితే మీ వృత్తి చెప్పకండి, నిన్న తిన్నది చెప్పండి. రోగి చెప్పకపోతే పక్కన కూర్చున్నవాళ్లు చెప్పండి. బి12 పరీక్ష పెద్ద పనేం కాదు, మమ్మల్ని పరగడుపున కూడా రమ్మనలేదు. ఇడ్లీ తినే వెళ్లాం.